తూకం వేసేవాడు, చేసినవాడు



పటాన్‌చెరు, రామచంద్రాపురం పరిసరాల్లో ఈ వర్తమానం వింటున్న మీలో చాలామంది సెలవు దినాల్లో పిల్లలను హైదరాబాదు జూ పార్కుకు తీసుకువెళ్ళి ఉంటారు. ఆ పార్కుకు దగ్గరలోనే, బహదూర్‌పురాలో, సుధా కార్స్ మ్యూజియం అని ఒకటున్నది. ఈసారి వెళ్ళినప్పుడు అక్కడ ఒక గంట ఆగండి. వంకాయ ఆకారంలో కారు, బూటు ఆకారంలో కారు, క్రికెట్ బ్యాటు, పెన్సిలు, చేతిసంచి ఆకారంలో కార్లు. చూడడానికి బొమ్మల్లాగే ఉంటాయి గాని నడిచే బండ్లు. వీటిని చేసిన సుధాకర్ యాదవ్ గారు బడికి వెళ్ళే వయస్సులోనే ఈ పని మొదలుపెట్టి 2010లో మ్యూజియం తెరిచారు. ఆయన చేసిన మూడు చక్రాల సైకిలు 2005 జూలై 1న గిన్నిస్ రికార్డు సాధించింది. దాని ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. చక్రమొక్కటే 17 అడుగులు.

అందరూ తల పైకెత్తి చూసేది ఆ సైకిలునే. నేను మీకు చూపించాలనుకున్నది మాత్రం వేరు. అక్కడే 33 సెంటీమీటర్ల ఎత్తున్న మోటారు సైకిలు ఒకటున్నది. మూరెడు కూడా లేదు! పిల్లలైతే దాని ముందు నుండి కదలరు.

ఈ బండ్లు తుక్కు సామానుతో చేసినవి. తుక్కంటే ఏమిటో మన పారిశ్రామికవాడ వారికి నేను చెప్పనక్కరలేదు. స్క్రాప్ దుకాణంలో దానిని కాటా మీద పెట్టి, కిలోకు ఇంత అని లెక్క కడతారు. ఆ ఇనుము ఏ యంత్రంలో ఎన్నేళ్ళు తిరిగిందో ఎవరూ అడగరు. మ్యూజియంలో ఒక్కొక్క బండి దగ్గర ఒక బోర్డు ఉంటుంది. ఎప్పుడు చేశారు, చేయడానికి ఎంత కాలం పట్టింది, ఎంత ఖర్చయింది, ఎంత వేగంతో నడుస్తుంది, అన్నీ దానిమీద ఉంటాయి. చూడండి, దుకాణంవాడు బరువు రాసుకుంటాడు. చేసినవాడు తాను పెట్టినది రాసుకుంటాడు.

ప్రియులారా, మనుష్యులను కాటా మీద పెట్టడం కూడా మనం చూస్తూనే ఉన్నాం. ఇరవై ఏళ్ళు మెషీన్ మీద నిలబడినవాడికి చెయ్యి దెబ్బతింటే, కాంట్రాక్టు అయిపోతే, రేపటి నుండి రావద్దంటారు. ఇంట్లో మాట పోతుంది. కొందరు తాగుడుకు పోతారు. బాధాకరమైన సంగతేమిటంటే, సంఘంలో కూడా ఆ సహోదరుని పక్కన కుర్చీ ఖాళీగానే ఉంటుంది.

మన చేతిలో ఉన్న పౌలు పత్రికలలో అన్నిటికంటే చిన్నది ఫిలేమోనుకు వ్రాసినది. 25 వచనాలే. అందులో ఒనేసిము అనే దాసుడున్నాడు. ఆ పేరుకు ప్రయోజనకరమైనవాడని అర్థం, కాని యజమాని లెక్కలో అతడు ఎందుకూ కొరగానివాడు. చెరసాలలో ఉన్న వృద్ధుడైన పౌలు అతనిని తన కుమారుడంటున్నాడు, నన్ను చేర్చుకున్నట్టే అతనిని చేర్చుకోమంటున్నాడు. 18, 19 వచనాలు తెరిచి చూడండి. అతడు ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేయి, నేనే తీరుస్తానని స్వహస్తంతో వ్రాశాడు. సంకెళ్ళలో ఉన్నవానికి డబ్బెక్కడిది? అయినా పూచీ పడ్డాడు. తనకోసం కల్వరిలో ఎంత ఖర్చయిందో ఎరిగినవాడు గనుక.

"ఆయన కోసం ప్రార్థన చేస్తున్నామండీ" అని మనం అంటాం. మంచిదే. అయితే ఆ ఇంటి కిరాణా ఖాతా ఎవరి పేరు మీద వేయించారు? ఆ పిల్లల బడి ఫీజు? పెద్దలు నొచ్చుకున్నా సరే, అడగక తప్పదు.

ఈ మాట వింటున్న తమ్ముడా, నీవే ఆ ఒనేసిమువైతే, నిన్ను కాటా మీద పెట్టినవాడు నిన్ను చేసినవాడు కాడు. ఈ ఆదివారం సిగ్గుపడకుండా మందిరానికి రా.

సంఘమా, ఆ పత్రిక చివర పౌలు తనకొక బస సిద్ధం చేయమని కూడా అడిగాడు. అంటే ఫిలేమోను ఇంటికి వచ్చి, ఒనేసిము ఎక్కడ కూర్చున్నాడో కళ్ళారా చూస్తాడన్నమాట.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, పని పోగొట్టుకొని ఈ వారమంతా ఇంటిలో తలవంచుకొని కూర్చున్న మా సహోదరులను జ్ఞాపకం చేసుకొనుము. వారి తలుపు తట్టుటకు మమ్మును పంపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.