ఆగడానికి అయ్యే ఖర్చు



బిలాస్‌పూర్‌లోని ఈ స్నాతకోత్సవ సభలో తెలుగులో మాట్లాడమని అడిగారు. సంతోషంగా ఒప్పుకున్నాను. ఈ ఊరికి మన భాష రైలుపట్టాల వెంటే వచ్చింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే బిలాస్‌పూర్ మీదుగా లైను వేసింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఫిట్టర్లు, ఖలాసీలు, గ్యాంగ్‌మన్‌లు పనికోసం ఆ రైల్వే వెంట వచ్చారు. వాళ్ల మనవలూ మునిమనవరాళ్లూ ఇవాళ నల్లకోట్లు వేసుకుని నా ఎదుట కూర్చున్నారు.

నా ఉద్యోగమంతా వ్యాగన్ల బ్రేకుల దగ్గరే గడిచింది. రిటైరయ్యాక విద్యార్థులు సొంతంగా తయారుచేసుకునే రేసు కార్ల బ్రేకులు చూసిపెడుతున్నాను. అందుకే ఇవాళ ఒక్క విషయమే మాట్లాడతాను. చేతిలో పెద్దగా డబ్బు లేని కుర్రాళ్లు, అమ్మాయిలు రేసు కారుకు బ్రేకులు ఎలా ఎంచుకోవాలి? స్నాతకోత్సవ వేదికకు ఇది చిన్న విషయమని కొందరికి అనిపించవచ్చు. నాకలా అనిపించదు. మీరు నాలుగేళ్లు చదివిన చదువు నేరుగా రూపాయలుగా మారే చోటు ఇదే. ఇక్కడ లెక్క తప్పితే పోయేది మార్కులు కాదు, మనిషి.

ముందు రైలు బ్రేకు సంగతి చూద్దాం. 2022 ఆగస్టు 15న మన ఆగ్నేయ మధ్య రైల్వే కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్ దాకా ‘సూపర్ వాసుకి’ అనే గూడ్సు రైలును నడిపింది. 295 వ్యాగన్లు, ఆరు ఇంజన్లు, మూడున్నర కిలోమీటర్ల పొడవు, దాదాపు 27 వేల టన్నుల బొగ్గు. దేశమంతా ఆ రైలును లాగిన ఇంజన్ల గురించే మాట్లాడుకుంది. మా షెడ్డు మనుషులు మాత్రం దాన్ని ఆపగలిగిన గాలి పైపు గురించి మాట్లాడుకున్నారు. గూడ్సు బండి బ్రేకు పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో గాలి నిండి ఉంటుంది. ఆ ఒత్తిడి తగ్గితే బ్రేకు పడుతుంది. అంటే పైపు తెగినా, కప్లింగ్ ఊడినా బండి తనంతట తానే ఆగుతుంది. 1872లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ తెచ్చిన పద్ధతి ఇది. చెడిపోతే ఏ వైపు చెడిపోవాలో ముందే ఆలోచించి పెట్టిన వ్యవస్థ.

కారులో అది తిరగబడుతుంది. పైపు తెగితే బ్రేకు పోతుంది. అందుకే కార్లలో రెండు వేర్వేరు సర్క్యూట్లు ఉంటాయి. ఒకటి పోయినా రెండోది కనీసం రెండు చక్రాలను పట్టుకోవాలి. మీరు తుక్కు కొట్టులో పాత కారు కొని రేసుకు సిద్ధం చేసినా, విద్యార్థులు కట్టిన రేసు కార్లకు జరిగే ఫార్ములా స్టూడెంట్ పోటీకి చాసిస్ నుంచి మొదలుపెట్టినా ఈ రెండు దారుల నియమం దగ్గర రాజీ లేదు. ఫార్ములా స్టూడెంట్ నియమాల్లో ఇది స్పష్టంగా ఉంది. పెడల్ 2000 న్యూటన్ల తొక్కుడును చెడకుండా తట్టుకోవాలి. పరీక్షలో కారును వేగం అందుకోనిచ్చి బ్రేకు తొక్కిస్తారు. నాలుగు చక్రాలూ లాక్ కావాలి. మూడు లాకై ఒకటి తిరిగినా ఆ కారు ట్రాక్ ఎక్కదు.

ఇక లెక్కకు వద్దాం. డ్రైవరుతో కలిపి 700 కిలోల పాత హ్యాచ్‌బ్యాక్ ఉందనుకోండి. స్ట్రెయిట్ చివర గంటకు 140 కిలోమీటర్ల వేగం నుంచి 60కి దించాలి. గాలి నిరోధం, ఇంజన్ పట్టు పక్కన పెడితే దాదాపు 430 కిలోజౌళ్లు వేడిగా మారాలి. అందులో 80 శాతం ముందు చక్రాలదే. అంటే ముందున్న ఒక్కో డిస్క్‌కు 170 కిలోజౌళ్లకు పైనే. డిస్క్ బరువు నాలుగు కిలోలైతే, ఒక్క బ్రేకుకే అది 90 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. చల్లారే లోపే మరో మలుపు వస్తుంది, మళ్లీ ఇంకొంత. బజారులో సరుకులకు వెళ్లే కారు ఇలాంటి బ్రేకు రోజుకు ఒక్కసారి కూడా వేయదు. రేసులో ప్రతి ల్యాపులో చాలాసార్లు వేయాలి. ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. వేగం రెండింతలైతే వేడి నాలుగింతలు. ఇంజన్‌కు కొత్త కార్బురేటర్ బిగించి వేగం పెంచిన కుర్రాడు బ్రేకుకు ఎంత పని పెంచాడో లెక్క వేసుకోడు. నేను చూసిన కార్లలో ఎక్కువ తప్పులు ఇక్కడే పుట్టాయి.

ఈ లెక్క కాగితం మీద వేసుకుంటే డబ్బు ఎక్కడ పెట్టాలో దానంతటదే తేలుతుంది. నా సలహా మొదట బ్రేకు ఆయిల్‌తో మొదలవుతుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దగ్గర, డాట్ 4 కనీసం 230 దగ్గర, డాట్ 5.1 కనీసం 260 దగ్గర మరగాలని ప్రమాణం. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ చేరాక డాట్ 3 మరుగు 140కి, డాట్ 4ది 155కి దిగిపోవచ్చు. ఆయిల్ మరిగితే పైపులో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కితే నొక్కుకుపోతుంది, ఒత్తిడి చక్రం దాకా చేరదు. పెడల్ మెత్తబడి నేలకు తాకుతుంది. డ్రైవరు రెండు కాళ్లూ పెట్టి తొక్కినా కారు ఆగదు. ఇంజన్ మీద పెట్టే ఖర్చు పక్కన ఒక సీసా మంచి డాట్ 4 ఖర్చు లెక్కలోకే రాదు. సీలు విప్పని సీసా కొనండి. పాత ఆయిల్ మొత్తం తీసేసి నాలుగు చక్రాల దగ్గరా గాలి లేకుండా బ్లీడింగ్ చేయండి. సగం వాడి మూత పెట్టిన సీసా ఎన్ని నెలలు అలమరలో ఉందో ఎవరికీ గుర్తుండదు. దాన్ని రేసు కారులో పోయకండి. డాట్ 5 పేరు చూసి 5.1 అనుకుని కూడా మోసపోవద్దు. అది సిలికోన్ ఆయిల్, మిగతావాటితో కలవదు.

తర్వాత ప్యాడ్లు. ఒక రేసు ముగిశాక, ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే క్యాలిపర్ విప్పి చూస్తే కారు మీకు తన కథ చెప్పేస్తుంది. ప్యాడ్ ముఖం నల్లగా అద్దంలా మెరుస్తుంటే అది వేడికి తట్టుకోలేకపోయిందని అర్థం. ఒక అంచున ఎక్కువ, ఇంకో అంచున తక్కువ అరిగితే క్యాలిపర్ సైడు పిన్నులు బిగుసుకున్నాయి. డిస్క్ మీద నీలి మచ్చలు, జుట్టు మందాన సన్నని పగుళ్లు కనిపిస్తే గాలి దారి చాలడం లేదు. రోడ్డు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు బాగా పట్టుకుంటాయి, బాగా వేడెక్కాక జారిపోతాయి. రేసు ప్యాడ్లు మొదటి మలుపులో మొండికేసి, వేడెక్కాక పట్టుకుంటాయి. రేసు రోజుకు రేసు ప్యాడ్లు, ఇంటికి నడిపే రోజుకు రోడ్డు ప్యాడ్లు. ఒకే సెట్టుతో రెండు పనులూ చేయించాలని చూడకండి. కొత్త ప్యాడ్లు బిగించగానే పందెంలోకి దిగొద్దు. మధ్యస్థ వేగం నుంచి కొన్నిసార్లు పూర్తిగా ఆపకుండా తగ్గిస్తూ, మధ్యలో చల్లార్చుకుంటూ ప్యాడును డిస్క్‌కు పట్టించాలి.

బజారులో నకిలీ ప్యాడ్లు ఉన్నాయని మీ అందరికీ తెలుసు. డబ్బా మీద ముద్ర చూసి నమ్మకండి. మన దేశంలోనే మంచి కంపెనీలున్నాయి. చెన్నైలో బ్రేక్స్ ఇండియా, రానె లాంటివి దశాబ్దాలుగా కార్లకు, లారీలకు బ్రేకు సరుకు తయారుచేస్తున్నాయి. బిల్లు ఇచ్చే దుకాణంలో కొనండి. అసలు ధర కట్టలేకపోతే ఈ సీజన్ ఆగండి. ప్రాణం మీద తగ్గింపు అడగడం నాకు ఒప్పుదల కాదు.

తుక్కు కొట్టు విషయంలో నేను అంత కఠినంగా లేను. పాత క్యాలిపర్ కొనండి, పరవాలేదు. తుప్పు, పగుళ్లు లేకపోతే ఇనుము పాతబడినంత మాత్రాన చెడిపోదు. కానీ లోపలి రబ్బరు సీళ్లు, పిస్టన్ డస్ట్ కవర్లు కొత్తవి వేయండి. వాడిన హోస్ పైపును ఎంత బాగున్నా తిరిగి వాడకండి. రబ్బరు పైనుంచి బాగుండి లోపల పొరలుగా విడిపోతుంది. అల్లిన స్టీలు పైపులు పెడితే పెడల్ గట్టిపడుతుంది, ఎంత తొక్కుతున్నామో కాలికి బాగా తెలుస్తుంది. ఇది నిజంగా డబ్బుకు తగిన మార్పు. డిస్కులకు చిల్లులు పెట్టించడం, క్యాలిపర్‌కు ఎర్ర రంగు వేయించడం ఖర్చు మాత్రమే. చిల్లుల చుట్టూనే పగుళ్లు మొదలవుతాయి. సాదా ఇనుప డిస్కులు కొని, అరిగితే మార్చేయండి. ముందు బంపరు నుంచి డిస్క్ మధ్యకు గాలి గొట్టం వేస్తే చాలా కార్లకు పెద్ద డిస్కుల అవసరమే రాదు.

ఇప్పుడు ముందు, వెనుక పంపకం. మీలో కొందరు వెనుక డ్రమ్ములు తీసేసి పెద్ద డిస్కులు పెట్టాలని ఉత్సాహపడతారు. ఆగండి. బ్రేకు తొక్కితే బరువు ముందుకు వస్తుంది. అదే 700 కిలోల కారు, బరువు కేంద్రం నేల నుంచి అర మీటరు ఎత్తులో, చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు, ఆగే త్వరణం గురుత్వంతో సమానం. దాదాపు 145 కిలోలు వెనుక నుంచి ముందుకు కదులుతాయి. మొదట 420, 280గా ఉన్నది 565, 135 అవుతుంది. 135 కిలోలు మోస్తున్న వెనుక టైర్లకు పెద్ద బ్రేకు పెడితే ముందుకంటే వెనుకే లాక్ అవుతుంది. మలుపులో అది జరిగితే కారు గిరగిరా తిరుగుతుంది. మా బొగ్గు వ్యాగన్లలో ఖాళీ-లోడు అని ఒక పరికరం ఉంటుంది. నిండు వ్యాగన్‌కు పడేంత బలం ఖాళీ వ్యాగన్‌కు పడితే చక్రాలు జామై పట్టాల మీద చదునుగా అరుగుతాయి. అందుకే బరువు బట్టి బ్రేకును తగ్గిస్తాం. కారులో ఆ పని బయాస్ బార్ లేదా ప్రపోర్షనింగ్ వాల్వ్ చేస్తుంది. పెద్ద క్యాలిపర్ కంటే ఇది చవక. దాన్ని సరిగ్గా అమర్చడానికి మాత్రం ఒక సాయంత్రం, ఖాళీ స్థలం, ఓపిక, నోట్‌బుక్ కావాలి.

పెడల్ తొక్కితే ఆయిల్‌లో ఒత్తిడి పుట్టించే మాస్టర్ సిలిండర్ విషయంలో కూడా ఇంతే. ముప్పావు అంగుళం బోరు నుంచి అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులకు దిగితే, అదే కాలి బలానికి ఒత్తిడి 44 శాతం పెరుగుతుంది. పెడల్ నడక కూడా అంతే పెరుగుతుంది. బోరు చిన్నదైతే కాలికి సుఖం. మరీ చిన్నదైతే పెడల్ నేలకు చేరిపోతుంది. రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో దుకాణదారు చెప్పలేడు. ఆ ఎంపిక మీదే, మీ లెక్కదే.

చవకగా రేసు కారు తయారుచేయడం మనకు కొత్త కాదు. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు నాయుళ్ల కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ విదేశీ యంత్రం కోసం ఎదురుచూడకుండా, మారుతి 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతి కార్లు తయారుచేసి, మధ్యతరగతి కుర్రాళ్లను ట్రాక్ ఎక్కించాడు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయాడు. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేకు ఆయన పేరే పెట్టారు. నరైన్ కార్తికేయన్ తొలి పందెం పరుగెత్తింది ఫార్ములా మారుతిలోనే. 2005లో అతను ఫార్ములా వన్‌కు చేరాడు. కరివర్ధన్‌ను నేను గౌరవించడానికి కారణం ఆయన వేగం కాదు. అందరికీ దొరికే విడిభాగాలతో కారు కట్టి, దాన్ని ఎవరైనా ఎక్కడైనా బాగుచేసుకునేలా వదిలిపెట్టడం.

కొత్త టెక్నాలజీ మీద మీకు మక్కువ ఉంటుంది, ఉండాలి కూడా. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుసేన్ సాగర్ పక్కన ‘ఫార్ములా-ఈ’ కరెంటు కార్ల పందెం జరిగింది. ఆ సీజన్‌లో వచ్చిన కారును వెనుక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులే లేకుండా రూపొందించారు. మోటారే కరెంటు పుట్టిస్తూ వేగం తగ్గిస్తుంది. మోటారు పనిచేయకపోతే? ఆ ప్రశ్నకు జవాబుగా అత్యవసర బ్రేకు చేర్చక తప్పలేదు. బోలెడు ఖర్చు పెట్టే కంపెనీలూ చివరికి మా గాలి పైపు అడిగిన ప్రశ్నే అడగాల్సి వచ్చింది.

మీలో కారు కట్టబోయే వాళ్లకు నా విన్నపం. రతన్‌పూర్ రోడ్డు మీదో, కోర్బా రోడ్డు మీదో మీ బ్రేకులు పరీక్షించకండి. బొగ్గు లారీలు నడిచే దారి అది, అక్కడ సైకిల్ మీద బడికెళ్లే పిల్లలుంటారు. ట్రాక్ దాకా వెళ్లండి. అక్కడ తనిఖీ చేసే మనిషి మీ కారు తిరస్కరిస్తే వాదించకండి, కారణం అడగండి. కారును ట్రాక్ మీదికి తెచ్చే ప్రతిసారీ ఆయిల్ మట్టం, హోస్ పైపులు, ప్యాడ్ మందం మీ చేత్తో మీరే చూడండి. మీరు చూడని కారులో స్నేహితుడినైనా కూర్చోబెట్టకండి.