సెట్టయిందంటే సరిపోయిందా?



ప్రొద్దుటూరు బంగారంగడిలో నెక్లెసూ కమ్మలూ కలిపితే ‘సెట్టు’. పులివెందుల చీనీతోటకు నీళ్లు తోడేది పంపు‘సెట్టు’. నా మాట వినిపించే రేడియో కూడా సెట్టే! 1989లో అచ్చయిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో ఈ చిన్న మాటకు 430 అర్థాలున్నాయి. అందులో అన్నిటికన్నా పొడవైన వివరణ దీనిదే.

మెట్రిక్ చదివిన నాకు మొదట బెదురు పుట్టింది. తర్వాత ఆలోచించి చూస్తే, ఇంగ్లీషులో పొద్దుకూ, పెరుగుకూ, గడియారానికీ అదే మాట. మనకైతే పొద్దు కుంకుతుంది, పెరుగు తోడుకుంటుంది, సంబంధం కుదురుతుంది. దేని మాట దానికుంది!

మొన్న జమ్మలమడుగులో బంధువులింటికి వెళితే, ‘‘అమ్మాయికి సంబంధం సెట్ చేసేసినాం’’ అన్నారు. పిల్ల వంటింట్లో తల వంచుకొని కూర్చుంది. ‘‘నీకిష్టమేనా అమ్మా?’’ అన్నాను. కళ్లనీళ్లు పెట్టుకుంది. ‘‘నన్నెవరడిగినారత్తా? డిగ్రీ ఇంకో ఏడాదుంది’’ అంది.

గడియారాన్ని సెట్ చేయొచ్చు, మోటారును చేయొచ్చు. పిల్ల మనసు కుదరాలి గదమ్మా! వాళ్లమ్మతో ఆ మాటే అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, ‘‘పరీక్షలయ్యేదాకా ఆగమని చెప్పిస్తాలే వదినా’’ అంది.

మీ ఇంట్లో పెళ్లిమాట వస్తే, ‘కుదిరిందా?’ అని ముందు అమ్మాయినే అడగండి.

సెలవు.