ఇంటి పద్దు – ఊరి పద్దు

(రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాస పాఠము)



ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. పండితులు కూర్చున్న వేదికపై లెక్కలు వ్రాయువానికి పనియేమని మొదట సంకోచించితిని. మా తాతగారి నాటినుండి మా యింట కరణీకము వృత్తి. 1984లో ఆ పదవి రద్దయినది గాని కలము మా చేతిని వదలలేదు. నేడు నేను సహకార సంఘపు ఖాతాలు వ్రాయుచున్నాను. నా సాహిత్య పరిచయము గురుముఖమున వచ్చినది గాదు. ఈ బీరువాలలోని భారత భాగవతములును, పుటలు చినిగిన శబ్దరత్నాకరమును నాకు గురువులు. కావున పాండిత్యము జోలికి పోక, నాకు తెలిసిన వ్యయమును గూర్చియే మాటాడెదను. మన యిండ్లలో నిత్యము జరుగు వాడకమును తగ్గించుకొని సాదాగా బ్రదుకవలెనని అందరును చెప్పుచున్నారు. ఎవరు ముందు తగ్గించుకొనవలెనో చెప్పువారు అరుదు. నా ఉపన్యాసము ఆ రెండవ ప్రశ్నను గూర్చినది.

గేదెను కొనునపుడు మనము పండ్లు చూతుము, పొదుగు చూతుము, రెండు పూటలు పాలు పిండించి చూతుము, నలుగురిని అడుగుదుము. ఐదు రూపాయల పొట్లమును కొనునపుడు ఎవరిని అడుగుదుము? పెద్ద ఖర్చు పెద్దమనుష్యుని వలె ముందుగా కబురంపి వచ్చును. చిన్న ఖర్చు పిల్లివలె వచ్చును. ఇంట ఇద్దరు పిల్లలున్నారనుకొనుడు. ఒక్కొక్కరు దినమునకు రెండు ఐదు రూపాయల పొట్లములు తినినచో దినమునకు ఇరువది రూపాయలు, ఏడాదికి 7,300 రూపాయలు. సాధారణ రకపు ధాన్యమునకు 2025–26లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలునకు 2,369 రూపాయలు. ఆ లెక్కను డెబ్బదియైదు కిలోల బస్తా రమారమి 1,777 రూపాయలు. అనగా ఆ ఇద్దరు పిల్లలు గాలి నింపిన సంచులలో నాలుగు బస్తాల ధాన్యమును తినివేయుచున్నారు. ఇది ఏ ఇంటి పద్దులోను కనబడదు. ఏలయన దానిని వ్రాయువారు లేరు.

పొట్లమును నేను పూర్తిగా నిందింపను. సీసా కొనలేని కూలివాడు ఒకటి రెండు రూపాయలతో తలంటుకొనగలిగినాడన్నచో అది అతనికి సౌకర్యమే. కాని కుంకుడు చెట్టు పెరటిలో నుండి, కాయలు రాలి మట్టిలో కలియుచుండగా, ఆ ఇంటివారే పొట్లముల దండను గోడకు వ్రేలాడదీసిన చిత్రమును మన వీధిలోనే చూడవచ్చును. ఖాళీ పొట్లములు ఎక్కడికి పోవునో మన మురుగు కాలువ తూము చెప్పును. ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులు పెక్కింటిని 2022 జులై 1 నుండి దేశమంతట నిషేధించిరి. తూమునకు ఆ సంగతి ఇంకను తెలిసినట్లు లేదు.

"అప్పు చేసి పప్పుకూడు" అను సామెత మనకు పాతది. 1959లో ఆ పేరుతో ఒక చలనచిత్రము కూడ వచ్చినది, పెద్దలు చూచియుందురు. ఆ సామెత మనలను ఎగతాళి చేయుటకే పుట్టినది గాని, ఆ అప్పులవాడు పాపము పప్పన్నమైనను తినెను. నేటి అప్పులలో తినునది కొంచెము. పందిరికి, దీపములకు, నిలువెత్తు ఫ్లెక్సీ బొమ్మలకు, ఆకాశమునుండి ఫొటోలు తీయు యంత్రమునకు పోవునదే ఎక్కువ.

ఇక్కడ నా వృత్తి ధర్మమును మీరక, పేర్లు చెప్పక, ఒక మాట చెప్పెదను. సాగు పేరున బంగారము కుదువబెట్టి తెచ్చిన సొమ్ము, విత్తనముల కంటె ముందుగా ఓణీల వేడుకకు పోవును. పిమ్మట ఎరువులకు ప్రైవేటు అప్పు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అన్నచో వినుటకు స్వల్పముగా నుండును. మూడు లక్షలకు అది నెలకు ఆరు వేలు, ఏడాదికి 72,000. ఇందాకటి ధరను వేసి చూచినచో నలుబది బస్తాలకు పైగా ధాన్యము వడ్డీకే చెల్లు. అసలు కదలక అట్లే యుండును. ఎకరము రెండెకరములు కౌలుకు చేయు రైతునకు నలుబది బస్తాలన్న నేమో నేను విడమరచి చెప్పనక్కరలేదు. ముందు భూస్వామికి కొలిచి, పిమ్మట వడ్డీకి కొలిచి, మిగిలిన దానితో ఇల్లు గడుపవలెను.

అంత తెలిసియు ఏల చేయుచున్నారు? తెలివితక్కువ యని పట్టణపు వారు అందురు. నేను ఒప్పుకొనను. భాగవతము ఏకాదశ స్కంధములో అవధూత తన యిరువదినలుగురు గురువులను గూర్చి యదుమహారాజునకు చెప్పును. వారిలో ఒక కన్నె యున్నది. తల్లిదండ్రులు ఇంట లేని సమయమున పెండ్లిచూపులకు చుట్టములు వచ్చిరి. వారికి వండి పెట్టుటకు ఆమె లోపల ధాన్యము దంచుచుండగా చేతి గాజులు గలగలలాడెను. ఆమె సిగ్గుపడి ఒక్కొక్క గాజును తీసివేసి, తుదకు చేతికి ఒక్కొక్కటి మాత్రమే యుంచుకొని దంపు ముగించెను. ఏకాంతముగా నుండుటయే శాంతి యని అవధూత అందులో నేర్చుకొన్నాడు. ఆయన సన్న్యాసి, ఆయనకు అది తగును. సంసారినగు నేను మరియొకటి చూచితిని. ఆ బాలిక ఏల సిగ్గుపడినది? ఇంట బియ్యము నిలువ లేదని, తన చేతనే దంచుకొను స్థితి యని, ఆ చప్పుడు వలన వచ్చినవారికి తెలిసిపోవునని. పురాణకాలపు పిల్లకైనను, నేటి మన వీధిలోని ఆడపిల్ల తండ్రికైనను భయమొక్కటే. నలుగురు ఏమనుకొందురో! ఆ భయమునకు మనము చెల్లించు పన్ను పంచాయతీ పన్నుల కన్నిటికంటె పెద్దది.

ఇక సముద్రముల కావలి సంగతి ఒకటి. అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రమున కాంకర్డ్ అను ఊరియొద్ద వాల్డెన్ అను చెరువు గలదు. 1845లో హెన్రీ డేవిడ్ థోరో అను యువకుడు ఆ చెరువు గట్టున చిన్న గది తానే కట్టుకొని రెండేండ్ల రెండు నెలలు అందు నివసించి, ఆ అనుభవమును 1854లో గ్రంథముగా వెలువరించెను. మన గ్రంథాలయములోని ఆంగ్ల ప్రతిని నిఘంటువు ప్రక్కన పెట్టుకొని ఒక వేసవి అంతయు చదివితిని. అందు పక్షులు, చెట్లు, మంచు మొదలగు వర్ణనలు చాల గలవు. నన్ను కట్టిపడవేసినవి మాత్రము ఆయన లెక్కలు. గది కట్టుటకు అయినది 28 డాలర్ల 12½ సెంట్లు. పలకలకు ఇంత, మేకులకు ఇంత, సున్నమునకు ఇంత అని విడివిడిగా వ్రాసినాడు. రెండున్నర ఎకరములు సాగుచేసి చిక్కుడు జాతి గింజలు పండించెను. రాబడి 23 డాలర్ల 44 సెంట్లు, ఖర్చు 14 డాలర్ల 72½ సెంట్లు, మిగులు 8 డాలర్ల 71½ సెంట్లు. అర సెంటును గూడ విడువని ఆ మనుష్యుని మా సంఘములో గుమాస్తాగా పెట్టుకొనవలెనని పించినది.

ఆయన భావమొకటి నాకు నిత్యము ఉపకరించుచున్నది. వస్తువు వెలను నాణెములతో గాక, దానికై వెచ్చింపవలసిన ఆయుస్సుతో కొలువవలెనని ఆయన మతము. దినమునకు 500 రూపాయలు ఆర్జించువాడు 25,000 రూపాయల ఫోను కొన్నచో దాని వెల యేబది దినములు. ఎండలో, బురదలో నిలిచిన యేబది దినములు! ఆ యేబది దినములకు ఆ ఫోను తగునా తగదా యని వాడే నిర్ణయించుకొనవలెను. కొందరికి తగును. పట్టణమున చదువుకొను బిడ్డ ముఖమును రాత్రి చూచుకొను తల్లికి తప్పక తగును.

అయినను థోరో మహాశయుని మనము పూర్తిగా అనుసరింపజాలము. ఆయన బ్రహ్మచారి. గది కట్టిన నేల స్నేహితుడైన ఎమర్సన్ గారిది. పిల్లకు పెండ్లి చేయవలసిన పనిలేదు, వియ్యంకులు లేరు. ఒంటివాని పద్దు ఒక పుటలో ముగియును. మన పద్దులో సగము ఇతరుల కన్నులకై వ్రాయబడుచున్నది. కనుక ఒక్క ఇల్లు సాదాతనము పూనినంత మాత్రమున చాలదు. పేదవాడు ఒంటరిగా తగ్గించుకొన్నచో దానిని లోకము సాదాతన మనదు, లేమి యనును.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచితిని. లేనివానికి పొదుపు బోధించుట ఎగతాళి. వాని యింట తగ్గించుటకేమున్నది? ఇంతకంటె ఘోరము మరియొకటి గలదు. ఇంట ఖర్చు తగ్గింత మనగానే కోత మొదట తల్లి కంచములో పడును. ఆమె గ్లాసు పాలు పోవును, ఆమె మోకాలి మందు వచ్చే నెలకు వాయిదా పడును, యజమాని హోటలు కాఫీ మాత్రము కదలదు. దానిని మితవ్యయ మనరాదు. లోభము కంటెను అది నీచము.

గీత మూడవ అధ్యాయమున శ్రీకృష్ణుడు అర్జునునకు చెప్పిన మాటను పెద్దలెరుగుదురు. శ్రేష్ఠు డనిపించుకొన్నవాడు ఏది యాచరించునో దానినే లోకము అనుసరించునట. మన ఊరిలో ఐదారు కుటుంబములు పంక్తికి ముప్పది రకములు వడ్డించుట వలననే గదా, కౌలురైతు పదునెనిమిదింటికైనను తగ్గజాలకున్నాడు! కొలబద్దను పెంచినవారే దానిని దింపవలెను. ఉన్నవాడు తగ్గించినచో అది లేనివానికి సెలవిచ్చినట్లగును. బలిచక్రవర్తి ఏమేమో ఇత్తునన్నను వామనుడు మూడడుగులే చాలుననెను. తృప్తి లేనివానికి లోకములన్నియు చాలవని కూడ ఆయన చెప్పినాడు. ఆ మాట అన్నది ఆ మూడడుగులతోనే లోకములను కొలువగలిగినవాడు కాబట్టి దానికి బలము కలిగినది.

వచ్చే మాఘమున మా యింట కుమార్తె వివాహము. ఫ్లెక్సీ యుండదు, యంత్రపు ఫొటోలుండవు, వంటకములు పండ్రెండు మించవు. వియ్యాలవారు మన్నించి ఒప్పుకొనిరి, మా బంధువులలో కొందరు ఇంకను ఒప్పుకొనలేదు. నా యిల్లాలు ఒక్క నియమము పెట్టినది: తగ్గింపు పందిరిలో జరుగవలెను గాని పంక్తిలో జరుగరాదు, వచ్చినవారు ఎవరును సగము కడుపుతో లేవరాదు. ఆ నియమమును శిరసావహించితిని.

ఇంతకు ఈ విషయము గ్రంథాలయ సభలో ఏల యందురేమో. ఒక పుస్తకమును 250 రూపాయలకు కొని ఇంట పెట్టుకొన్నచో ఒకడు చదువును, ఆ పిమ్మట చెదలు చదువును. అదే పుస్తకమును ఇక్కడ నూరుగురు చదివినచో తలకు రెండున్నర రూపాయలు. 1935లో పాతూరి నాగభూషణము గారు ఉమ్మడి గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పడవలో గ్రంథాలయము నడపిరి. పుస్తకము కొనలేని పల్లెకు పుస్తకమే పడవనెక్కి వచ్చెను. ఉమ్మడి సొత్తు వలన అందరికిని వాడకము దక్కుచున్నది, ఎవరికిని అప్పు కలుగుటలేదు. ఈ పద్ధతిని పుస్తకముతోనే ఏల ఆపవలెను?

పూర్వము దేవాలయములలో, సత్రములలో దాతల పేర్లు చెక్కిన గుండిగలు, గంగాళములు ఉండెడివి. పెండ్లివారు తీసికొనిపోయి, తోమి, తిరిగి అప్పగించెడివారు. మన గ్రంథాలయపు వెనుక గది ఖాళీగా నున్నది. అందు ఐదువందల స్టీలు కంచములు, ఐదువందల గ్లాసులు ఉంచుదమని నా ప్రతిపాదన. అంచనా వేసితిని. కంచము 120, గ్లాసు 30 చొప్పున మొత్తము 75,000 రూపాయలు. ఐదువందల మంది విందునకు పారవేయు కంచములు, గ్లాసులు, నీళ్ల సీసాలు తలకు పదునైదు రూపాయలనుకొన్నను 7,500 అగును. కడుగువారి కూలి 1,500 తీసివేసినచో వేడుకకు 6,000 మిగులు. పదమూడవ వేడుకకు పెట్టుబడి తీరిపోవును. ఆ కూలియు మన ఊరిలోనే యుండును. అరటి ఆకు దొరకిననాడు మాత్రము కంచముల తాళము తీయవలదు. ఆకును మించిన కంచము లేదు.

పోయిన గ్లాసులకు ఎవరు పూచీ యని కార్యదర్శిగారు నిన్ననే అడిగిరి. పుస్తకములకు ఉన్న నిబంధనయే దీనికిని చాలునని విన్నవించితిని. తీసికొన్నవారి సంతకము, తిరిగియిచ్చు తేదీ, పోయినదానికి వెల. ఆ పద్దును జీతము లేక నేను వ్రాసెదను. నూరు పుటల పుస్తకమొకటి కుట్టించి తెచ్చితిని. మొదటి పంక్తిలో మా యింటి పేరున ఇరువది కంచములు, ఇరువది గ్లాసులు వ్రాసియున్నాను. రెండవ పంక్తి ఖాళీగా నున్నది. సభ ముగిసిన పిమ్మట వార్తాపత్రికల బల్లయొద్ద కూర్చుందును.