పత్రి పెరిగే దారి

(కార్తిక వనసమారాధన సందర్భంగా కాలనీ ఉద్యానవనంలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాలకు ఇంకా వ్యవధి ఉన్నదనీ, ఈలోగా నాలుగు మాటలు చెప్పవలసిందనీ ధర్మకర్తలు కోరారు. ఏటా ఈ ఉసిరిచెట్టు క్రింద నిలబడి నేను ధాత్రీ మాహాత్మ్యమే చెబుతూ వచ్చాను. అది మీకు ఈపాటికి కంఠస్థమై ఉంటుంది. కనుక ఈ సంవత్సరం దానిని విడిచి, మీ వెనుక కనబడుతున్న ఆ మట్టిదారిని గురించి ప్రస్తావిస్తాను. ఒకసారి అందరూ వెనుదిరిగి చూడండి.

ఆ దారి వేస్తున్నవారు కూలికి వచ్చినవారు కారు. మన కాలనీ పిల్లలూ, ఉద్యోగ విరమణ చేసిన నలుగురైదుగురు పెద్దలూను. పురపాలక సంస్థ అనుమతి పొంది, వానలు తగ్గినది మొదలు ప్రతి ఆదివారమూ ప్రొద్దున్నే గడ్డపారలూ తట్టలూ పట్టుకొని వస్తున్నారు. చెట్ల మధ్యగా నడుస్తూ, ఒక్కొక్క చెట్టు వద్ద ఆగి, దాని పేరూ గుణమూ తెలుసుకొనేటట్లు ఒక కాలిబాట వేయాలని వారి సంకల్పం. తూర్పు ద్వారం నుంచి రావిచెట్టు దాకా వచ్చి అది ఆగిపోయింది. ఎందుకు ఆగిందో మీలో చాలామందికి తెలుసు. ఆపవలెనన్నవారు కూడా ఈ సభలోనే ఉన్నారు. అందుచేతనే ఇక్కడ మాట్లాడటం ఉచితమని తోచింది.

మన శాస్త్రాలు ధర్మకార్యాలను ఇష్టమనీ పూర్తమనీ రెండుగా విభజించాయి. యజ్ఞయాగాదులు ఇష్టం. నుయ్యి, చెరువు త్రవ్వించడం, దేవాలయం కట్టించడం, అన్నం పెట్టడం, తోట వేయించడం పూర్తం. దేవాలయమూ ఆరామమూ ఒకే వరుసలో ఉన్నవని గమనించండి. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో బండల మీద అశోకుని శాసనాలు ఉన్నాయి. 2200 సంవత్సరాలకు పైబడినవి. బాటల వెంట చెట్లు నాటించాననీ, నూతులు త్రవ్వించాననీ, మనుష్యులకూ పశువులకూ పనికివచ్చే ఓషధులను తెప్పించి నాటించాననీ వాటిలో ఒక శాసనం చెబుతుంది. పశువులను కూడా లెక్కలోకి తీసుకొన్న ఆ మాట నాకు చాలా ఇష్టం.

ఈ బాట నాలుగడుగుల వెడల్పు. మొరం పోసి దిమ్మిస వేశారు. ఒక ప్రక్కకు కొద్దిగా వాలు ఇచ్చారు. పల్లం ఉన్నచోట అడ్డంగా రాళ్ళు పాతి, వాననీరు దారిని కోయకుండా ప్రక్కనున్న చెట్టు పాదులోకి మళ్ళించారు. ఎక్కడ వేరు పైకి తేలి కనబడితే అక్కడ బాటే వంపు తిరిగింది. పలకలు పరచి తిన్నగా వేయవచ్చు కదా అని కొందరు అడిగారు. నేను కర్ర పట్టుకొని నడిచేవాణ్ణి; ఆ మాటలోని కష్టం నాకు తెలియనిది కాదు. కాని ఉద్యానం చుట్టూ పలకల బాట ఒకటి ఇదివరకే ఉన్నది. చెట్టుకు నీరు పీల్చే సన్నని వేళ్ళు చాలావరకు నేల పైపొరలోనే ఉంటాయి. వాటిపై సిమెంటు పోస్తే గాలీ నీరూ అందవు. కొన్నాళ్ళకు పెద్దవేరు పలకను లేపుతుంది, మనం దానిమీద తట్టుకొని పడతాం.

పేర్ల పలకలకు సంస్కృత నామాలు వ్రాసిచ్చే పని నాకు అప్పగించారు. అమరకోశం ద్వితీయకాండలో వనౌషధివర్గం ఉన్నది. మా గురువుగారు ఆ వర్గం చెప్పేటప్పుడు వల్లె వేయించి ఊరుకొనేవారు కాదు. సాయంకాలం పొలాల వెంట నడిపించి, ఆకు చేతిలో పెట్టి పేరు చెప్పమనేవారు. చెప్పలేకపోతే మరునాడు పాఠం లేదు. ఆ వర్గంలో పేరు అంటే పేరు మాత్రమే కాదు, లక్షణం. గాలి లేకున్నా ఆకు కదులుతుంది గనుక రావి చలదలం. త్రుంచివేసినా మొలుస్తుంది గనుక తిప్పతీగ ఛిన్నరుహ. మేడి జంతుఫలం. పండు చీల్చి, పురుగులున్నవని పారవేస్తాం. వేమన దానిని ఉపమానంగా వాడిన తరువాత లోకంలో ఆ చెట్టుకు అపకీర్తి స్థిరపడింది. కాని ఆ పురుగు దొంగతనంగా దూరినది కాదు. మేడికి పూలు కాయ లోపలనే ఉంటాయి. కందిరీగ జాతికి చెందిన ఒక సూక్ష్మకీటకం చిన్న రంధ్రం గుండా లోపలికి పోయి, ఒక కాయ పుప్పొడిని మరొక కాయకు చేరుస్తుంది. అది లేకపోతే ఆ చెట్టుకు విత్తనం లేదు. మర్రికీ రావికీ ఇదే పద్ధతి. బయటికి పువ్వు కనబడకుండా కాచే ఇటువంటి చెట్లకే వనస్పతులని పేరు. ఈనాడు వనస్పతి అంటే నూనె డబ్బా గుర్తుకు వస్తున్నది, కాలమహిమ!

ఎనిమిదవ తరగతి చదివే అమ్మాయి ఒకతె, “తాతగారూ, గుల్‌మొహర్‌కు సంస్కృతంలో ఏమంటారండీ?” అని అడిగింది. అది మడగాస్కర్ ద్వీపం నుంచి వచ్చిన చెట్టు. అమరసింహుడు దానిని చూడలేదమ్మా అన్నాను. ఏదో ఒక పేరు కల్పించి ఇవ్వరాదా అని పెద్దలు కొందరు అన్నారు గాని, నేను అంగీకరించలేదు. ఆ పలక మీద తురాయి అని తెలుగు పేరే వ్రాశారు. మన కాలనీలోనే ఉన్న ఉర్దూ ఉపాధ్యాయుడొకరు తమ భాషలోని పేర్లు కూడా ఇచ్చారు. అవీ పలకల మీదికి ఎక్కాయి.

ఇక మొదటి వివాదానికి వస్తాను. ఉత్తరపు మూలనున్న పొదలను జేసీబీతో చదును చేయించి పచ్చిక పరవాలని ఒక పక్షం. అక్కడ ఉన్నవన్నీ పిచ్చిమొక్కలని వారి భావన. నేను రెండు ఉదయాలు అక్కడ తిరిగాను. ఉత్తరేణి ఉన్నది, అది అపామార్గం. ఉమ్మెత్త ఉన్నది, అది దత్తూరం. వాకుడు బృహతి, జిల్లేడు అర్కం, గరిక దూర్వ. ఈ పేర్లు మీరు ఎక్కడ విన్నారు? వినాయకచవితి నాడు ఏకవింశతి పత్రపూజలో మీరే చదువుతారు! రావి, మారేడు, మామిడి, దానిమ్మ, రేగు, మద్ది వంటివి కలుపుకొంటే 21 పత్రాలలో 14 ఈ ఉద్యానంలోనే లెక్క తేలాయి. చవితి ముందురోజు సంతకు పోయి, ఏ ఆకో తెలియని కట్టను వెలపెట్టి తెచ్చుకొని, ‘అపామార్గపత్రం పూజయామి’ అంటూ చేతికి వచ్చిన ఆకు వేస్తున్నాం. అపామార్గం మాత్రం మన గోడ ప్రక్కనే ఉన్నది. దానిని పెకలించాలని తీర్మానం!

ఆ మూలలో సర్కారు తుమ్మ విపరీతంగా పెరిగిన మాట నిజం. అది అమెరికా ఖండం నుంచి వచ్చినది, మరి దేనినీ బ్రతకనివ్వదు. దానిని తీయవలసిందే. కాని యంత్రంతో కాదు. తోటపని చేసే పాలమూరు పెద్దావిడ ఒక కొమ్మను పట్టుకొని, “గిది తుమ్మ గాదయ్యా, జమ్మి. గీ ముల్లు సూడుండ్రి” అన్నది. చూస్తే నిజంగా శమీవృక్షమే, నడుమెత్తు మొక్క. తుమ్మకు ఆకు మొదట పొడుగాటి ముళ్ళు, జమ్మికి కొమ్మ పొడుగునా పొట్టి ముళ్ళు. తెలంగాణ రాష్ట్రవృక్షం అది. దసరానాడు దానికోసం ఎంత దూరం పోతామో మీకు తెలుసు. యంత్రానికి ఆ ముల్లుకూ ఈ ముల్లుకూ భేదం తెలియదు.

అక్కడ పుట్ట ఉన్నది, పిల్లలు తిరిగే చోట పాములంటే ఎట్లా అని తల్లులు భయపడుతున్నారు. ఈ భయాన్ని నేను త్రోసిపుచ్చను. కాబట్టే బాటను పుట్టకు దూరంగా మళ్ళించి, నడుమ వెదురు కంచె కట్టాలనీ, బాటకు ఇరువైపులా గడ్డిని కురచగా కోస్తూ ఉండాలనీ స్వచ్ఛంద సేవకులు నిర్ణయించారు. ఉమ్మెత్తకాయ విషమనీ, జిల్లేడు పాలు కంటిలో పడితే ప్రమాదమనీ ఎర్ర అక్షరాలతో పలక పెట్టించమన్నాను. మనం చేయవలసినవి కూడా రెండున్నాయి. మిగిలిన అన్నం గోడవారన పారబోస్తే ఎలుకలు చేరుతాయి, ఎలుకల వెంట పాము వస్తుంది. రెండవది, పాము పాలు త్రాగే ప్రాణి కాదు. పుట్టలో పోసిన పాలకు చీమలు పడతాయి. నాగులచవితినాడు పుట్టకు పసుపు కుంకుమలతో, అక్షతలతో అర్చన చేసి, ఆ పాలు ఒక బిడ్డకు త్రాగించండి. శాస్త్రవిరోధమేమీ లేదు, అడిగినవారికి నేను సమాధానం చెబుతాను.

రెండవ వివాదం రావిచెట్టు వద్ద చిన్న గుడి కట్టాలన్నది. ఇది భక్తితో పుట్టిన కోరిక. దాత కూడా సిద్ధంగా ఉన్నారు. అయినా వద్దని చెప్పడానికే నేను ఈ సభను వినియోగించుకొంటున్నాను. ప్రతిష్ఠ అన్న తరువాత నిత్యం ధూపదీప నైవేద్యాలు జరగాలి. రాత్రి తాళం వేసే ఉద్యానంలో ఆ బాధ్యత ఎవరిది? అర్చన లేని మూర్తిని నిలబెట్టడం దోషమని ఆగమాలు చెబుతున్నాయి. పైగా ఇది సార్వజనిక స్థలం. పార్కుల్లో, వీధుల్లో అనుమతి లేకుండా ఏ మతంవారూ ప్రార్థనాలయం కట్టరాదని సర్వోన్నత న్యాయస్థానం 2009 సెప్టెంబరులోనే ఆదేశించింది. న్యాయస్థానం మాట అటుంచి, రావి స్వభావం చూడండి. పిట్ట రెట్టలో పడిన విత్తనం గోపురం మీద మొలిచి రాళ్ళను ఎట్లా విడదీస్తుందో మనం మన ఆలయంలోనే చూస్తున్నాం. దాని మొదట్లోనే గోడ లేపితే, కొన్నేళ్ళకు గోడ కోసం చెట్టునో, చెట్టు కోసం గోడనో కొట్టవలసి వస్తుంది. అశ్వత్థానికి ప్రదక్షిణం చేసేవారికి ఆ నాలుగడుగుల మట్టిబాటే చాలు. చెట్టు చుట్టూ అది వలయంగా తిరిగేటట్లు గీత గీశారు.

మొక్కలు కొనిస్తామన్న దాతలకు ఒక మనవి. వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదమని ఒక అధ్యాయం ఉన్నది. చెట్టుకూ చెట్టుకూ మధ్య 20 హస్తాలు ఉత్తమం, 16 మధ్యమం, 12 అధమం అని అందులో నియమం. హస్తమంటే అడుగున్నర, కనిష్ఠంగానైనా 18 అడుగులన్నమాట. ఆ లెక్కన ఇక్కడ పట్టేవి పది పన్నెండు మొక్కలే. వంద తెచ్చి ఛాయాచిత్రాలు తీయించుకోవద్దు.

వచ్చే ఆదివారం ఉదయం 6 గంటలకు రావిచెట్టు వద్దనుంచి పని తిరిగి మొదలవుతుంది. ముందుగా ఆ మొదట్లో పేరుకొన్న పాత దేవుళ్ళ పటాలను తీయాలి. చట్రాలూ అద్దాలూ వేరుచేసి, కాగితపు చిత్రాలను భూమిలో నిక్షేపించే విధానం నేను దగ్గరుండి చెబుతాను. అందుకు నలుగురు కావాలి, చేతులకు తొడుగులు తెచ్చుకోండి. గుడి కట్టిస్తామన్న దాతగారు కూడా వస్తానన్నారు.

విస్తళ్ళు వేస్తున్నట్లున్నారు. తిన్న విస్తరిని ఆ ఎరువు గుంటలోనూ, గ్లాసులను ప్రక్కనున్న సంచిలోనూ వేయండి. గోడవారన మాత్రం ఎవరూ ఏమీ పారవేయకండి.