మిద్దె మీది మిరప: పురుగును గుర్తుపట్టాకే మందు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి చెప్పవలసినవారు చెప్పారు. కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలిచ్చి, ఇంటిపట్టున పనికొచ్చే విషయం ఏదైనా చెప్పమన్నారు. నేను వ్యవసాయ శాఖవాణ్ణి కాను. ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా ఫైళ్లు మోసినవాణ్ణి. రిటైరయ్యాక మిద్దె మీద కుండీల్లో మిరప, బజ్జీ మిరప, క్యాప్సికం పెంచుతున్నాను. మన పలమనేరు చల్లదనానికి ఇవి బాగానే కాస్తాయి. కాపుతోపాటు పురుగులూ వస్తాయి. వాటి గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఫైలు చదవకుండా నోటు రాయకూడదని మనకు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్పారు. మొక్క దగ్గరా అదే పద్ధతి. ఆకు తిప్పి చూడకుండా మందు కొట్టకూడదు. నేను చెప్పదలచిన ముఖ్య విషయం ఇదొక్కటే.

మొదట చూడవలసింది, తింటున్నది గొంగళి జాతి పురుగేనా అని. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే అది తామర పురుగు పని. కిందికి ముడుచుకుంటే నల్లి. ఈ రెండూ రసం పీల్చేవి, కంటికి సరిగా ఆనవు. 2021–22లో ఆంధ్ర, తెలంగాణల్లో మిరప పూతను నాశనం చేసిన నల్ల తామర కూడా ఈ కోవలోదే. గొంగళి పురుగుల మందు వీటి మీద పనిచేయదు. ఆకుకు చిల్లులు పడినా, కాయకు రంధ్రం ఉన్నా, కింద నల్లటి పెంటికలు రాలి ఉన్నా అప్పుడు గొంగళి పురుగును వెతకాలి.

మన మిరపకు వచ్చేవాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి పొగాకు లద్దె పురుగు. దీని తల్లి రెక్కల పురుగు ఆకు అడుగున వందల గుడ్లు ఒకేచోట కుప్పగా పెట్టి, పైన గోధుమరంగు నూగు కప్పుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్లలు బయటికొచ్చి, గుంపుగా ఒకే ఆకును గీకి తింటాయి. ఆకు జల్లెడలా మారుతుంది. ఆ దశలో ఆ ఒక్క ఆకు తుంచేస్తే వందల పురుగులు పోయినట్లే. ఆలస్యమైతే చెదిరిపోతాయి. పెద్దవయ్యాక పగలు కుండీ మట్టిలో దాక్కుని రాత్రిపూట మేస్తాయి. పగలు ఎంత వెతికినా కనబడదంటే కారణం అదే.

రెండవది శనగపచ్చ పురుగు. ఇది గుడ్లను విడివిడిగా, ఒక్కొక్కటిగా పెడుతుంది. పురుగు ఒకసారి ఆకుపచ్చగా, ఒకసారి గోధుమరంగుగా ఉంటుంది, పక్కల పొడుగునా గీతలుంటాయి. తల కాయలో దూర్చి, ఒళ్లు బయట పెట్టుకుని తింటుంది. ఒక కాయతో ఊరుకోదు, మరొక కాయకు పోతుంది. రంధ్రం పడిన కాయను చెట్టుకు ఉంచితే లాభం లేదు. కోసి, చీల్చి, లోపల పురుగుంటే చంపాలి.

నివారణకు మనబోటివారికి మేలైన ఆయుధం చెయ్యి. ఉదయం కాఫీ అయ్యాక కళ్లజోడు పెట్టుకుని ఆకుల అడుగుభాగం చూడండి. రాత్రి ఎనిమిది దాటాక టార్చిలైటుతో మరొకసారి చూడండి. మెట్లెక్కేటప్పుడు తోడు ఎవరైనా ఉంటే మంచిది. దొరికిన పురుగులను సబ్బునీళ్ల డబ్బాలో వేయండి. ఒక మూల ఆముదం మొక్క పెంచితే లద్దె పురుగు తల్లి దాని మీద గుడ్లు పెడుతుంది, ఆ ఆకు తుంచేయవచ్చు. బంతి మొక్క శనగపచ్చ పురుగును అలాగే తనవైపు లాగుతుంది. రెండు పురుగులూ మట్టిలోనే కోశస్థ దశకు పోతాయి కాబట్టి, కాపు అయిపోయిన కుండీ మట్టిని తిరగేసి ఎండబెట్టాలి.

చేతితో ఆగకపోతే వేపగింజల కషాయం. లీటరు నీటికి యాభై గ్రాముల వేపపప్పు పొడి గుడ్డలో మూటగట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, వడగట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం చల్లాలి. ఎండకు దాని గుణం పోతుంది. వేప పురుగును వెంటనే చంపదు. తిండి మాన్పిస్తుంది, కుబుసం విడవనివ్వదు. రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి.

ఇది చాదస్తమని కొందరనవచ్చు. 1997–98లో వరంగల్ జిల్లా పత్తి మీద విరుచుకుపడింది ఈ లద్దె పురుగే. మందు మీద మందు కొట్టినా లొంగలేదు. అప్పులపాలైన రైతులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్లకు, పత్తి, మిరప పండించే అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామస్తులు పురుగుమందులు మానేసి వేపకషాయం, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలతో సేద్యం చేసి చూపించారు. ఎకరాల్లో సాధ్యమైనది పది కుండీల్లో కాదా?

మరొక మనవి. మన ఇళ్లలో అటక మీద పాత సీసాలు, పొట్లాలు ఉంటాయి. బి.హెచ్.సి. పొడి 1997లో నిషేధమైంది. మోనోక్రోటోఫాస్ కూరగాయల మీద వాడరాదని 2005లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసింది. ‘ఉన్నది కదా’ అని వీటిని మనవలు కోసుకు తినే కాయల మీద చల్లకండి. కాలువలో పారబోయకండి, సీసాను మరో పనికి వాడకండి. పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచి, వ్యవసాయాధికారిని అడగండి.

ఇక మన ఊరికి ప్రత్యేకించిన విషయం. ఈమధ్య బజారులో ‘బి.టి.’ అనే జీవసంబంధమైన మందు అమ్ముతున్నారు. గొంగళి పురుగుల మీద బాగా పనిచేస్తుంది, మనుషులకు హాని లేదంటారు. నిజమే. కానీ ఆ సూక్ష్మజీవి మొదట బయటపడింది ఎక్కడో తెలుసా? 1901లో జపాన్‌లో, రోగమొచ్చి చచ్చిన పట్టుపురుగుల్లో. ఇషివతా అనే శాస్త్రజ్ఞుడు దాన్ని కనిపెట్టాడు. పట్టుపురుగు కూడా గొంగళి జాతిదే. మందుకు శనగపచ్చ పురుగు, పట్టుపురుగు అనే భేదం తెలియదు. వేప చుక్కలు మల్బరీ ఆకు మీద పడినా పట్టుపురుగుకు కీడే.

మా వీధి చివర ఒక కుటుంబం పట్టుపురుగులు మేపుతుంది. మల్బరీ తోట మా మిద్దెకు కూతవేటు దూరం. ఆ ఇల్లాలు ఒకనాడు వచ్చి, “అన్నా, పురుగులు నాలుగో జ్వరంలో ఉండాయి. మీరేదైనా మందు కొట్టేదుంటే ముందు ఒక మాట చెప్పండన్నా” అంది. గూళ్లు అమ్మితేనే ఆ ఇంట్లో పిల్లల ఫీజు కట్టేది. మన పది కాయల కోసం ఒక కుటుంబం పంట చంద్రికలెక్కకుండా పోతే ఆ నష్టం ఎవరు తీరుస్తారు? ఆమె అడిగిన దాంట్లో న్యాయముంది. అందుకే మా మిద్దె మీద బి.టి. అసలు లేదు. కషాయమైనా గాలి లేని సాయంత్రం, వాళ్లకు చెప్పి, మొక్క దగ్గరగా పట్టి చల్లుతాను.

సందేహం వస్తే కిసాన్ కాల్ సెంటర్‌కు 1800 180 1551 నంబరుకు ఫోన్ చేయండి. తెలుగులోనే చెబుతారు, ఖర్చు లేదు.

పెన్షనరుకు తీరిక ఉంది, చూసే ఓపిక ఉంది. మిరప మొక్కకు కావలసింది అదే. ఈ వారంలో ప్రతివారూ తమ ఇంటి మొక్కల ఆకులు తిప్పి చూడాలని, పక్కన మల్బరీ తోట ఉన్నవారు మందు పట్టేముందు వాళ్లతో ఒక మాట చెప్పాలని వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.