ఆ పిల్లలకు మనమే పూచీ
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో అధ్యక్షురాలి ప్రసంగం)



పొదుపులు, అప్పుల లెక్కలు చదువుకున్నాం. ఇప్పుడు ఏ లెక్కలోకీ రాని పిల్లల గురించి మాట్లాడుకుందాం. హెచ్.ఐ.వి. వల్ల తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలు, తామే మందులు వాడుతున్న పిల్లలు మన చుట్టూ ఉన్నారు. వాళ్లు మనల్ని ఏమీ అడగరు. అడిగితే ఊరందరికీ తెలుస్తుందని భయం.

ముందు మన భయం పోవాలి. కలిసి తింటే, ఒకే బెంచీ మీద కూర్చుంటే ఈ జబ్బు అంటుకోదు. ఏ.ఆర్.టి. మందులు 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. రోజూ మానకుండా వేసుకుంటే ఆ బిడ్డ మన బిడ్డల్లాగే చదువుకుని పెద్దదవుతుంది.

మందులైతే ఉచితమే. మరి సెంటరుకు వెళ్లే బస్సు చార్జీ, ఆ రోజు పోయే కూలి ఎవరిస్తారు? ఇంట్లో ముసలి అమ్మమ్మ ఒక్కతే ఉంటే పిల్లవాణ్ణి ఎవరు తీసుకెళ్తారు? మన పని అక్కడుంది.

ఇది ఒక్క సంఘం వల్ల అయ్యేది కాదు. ఆశా కార్యకర్తకు మందుల సంగతి తెలుసు, అంగన్‌వాడీ టీచరుకు తిండి సంగతి తెలుసు, బడి పంతులుకు హాజరు తెలుసు. పాజిటివ్ వ్యక్తుల సంఘానికి ఆ ఇంటివాళ్ల బాధ తెలుసు. మన దగ్గర కాస్త నిధి ఉంది. అలాగని అందరం తలా ఒకసారి ఆ గడప తొక్కితే మేలు చేయబోయి గుట్టు రట్టు చేసినట్టే. ఇంటివాళ్లు నమ్మిన ఒక్కరే వెళ్లాలి, మిగతావాళ్లం ఆమె వెనుక ఉండాలి. మరి లెక్క ఎలా అంటారా? డబ్బు ఎంతో రాద్దాం, రశీదు పెడదాం. తీర్మానాల పుస్తకంలో జబ్బు పేరు మాత్రం రాయొద్దు.

చట్టం కూడా మన వైపే ఉంది. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఈ కారణంతో పిల్లల్ని బడిలో చేర్చుకోమనడం నేరుగా చట్టవిరుద్ధం. అంతేకాదు, 12 ఏళ్లు నిండిన అక్కో అన్నో తగిన తెలివిడితో ఇల్లు నడుపుతుంటే, తమ్ముళ్లకు చెల్లెళ్లకు సంరక్షకులుగా ఉండవచ్చు. బడిలో చేర్చడానికి, వైద్యానికి, బ్యాంకు ఖాతాకు అది చెల్లుతుంది. ఈ పిల్లల ఆస్తిని కాపాడే చర్యలు ప్రభుత్వం తీసుకోవాలని కూడా ఆ చట్టంలో ఉంది. తండ్రి పోయాక పొలం బంధువులు దున్నుకుంటుంటే, అర్జీ పట్టుకుని పిల్లలతోపాటు మనమూ తహశీల్దారు ఆఫీసుకు వెళ్దాం.

పిల్లలకు ఆపద వస్తే 1098కి, జబ్బు గురించి సలహా కావాలంటే 1097కి ఫోను చేయండి.

ఒక సభ్యురాలు కిస్తీ కట్టలేకపోతే గ్రూపంతా పూచీ పడుతుంది కదా. ఈ పిల్లలకూ అలాగే పడదాం. వచ్చే నెల మీటింగుకల్లా ప్రతి గ్రామ సమాఖ్య నోరు జారని ఒక అక్కను ఈ పనికి ఎంచుకుని రావాలని కోరుతున్నాను.