క్రిమ్ల్ జలపాతము

ఆస్ట్రియా దేశమున, ఆల్ప్స్ పర్వతముల నడుమ, క్రిమ్ల్ అను గ్రామము గలదు. దాని చెంత మంచుకొండల నీటితోఁ బుట్టిన యేఱు మూఁడు అంచెలుగా 380 మీటర్లు దిగువకు దూకుచున్నది. వేసవి యెండకు మంచు కరఁగిన కొలఁది దాని యుద్ధృతి హెచ్చును.

కొండత్రోవలు ముదుసలివారికిఁ దగవని మనలోఁ బలువురి తలంపు. ఇచ్చట నట్లు గాదు. ఆస్ట్రియా ఆల్పైన్ సంఘమువారు వేసిన బాటలో నడుమనడుమ నిలిచి చూచుటకుఁ దావులున్నవి. క్రింది యంచెను జూచుటకు స్వల్పదూరము నడచినఁ జాలును. ఓపిక గలవారు పైకిఁ బోవుదురు.

ఒకప్పు డీ నీటిని మరల్చి విద్యుత్తు పుట్టింపఁ దలపెట్టిరి. ఎందఱో వలదని యడ్డగింపఁగా నది యాగెను. 1967లో ఐరోపా మండలి ఈ జలపాతమునకుఁ బ్రకృతిరక్షణ పత్రము నొసఁగెను. 1984 నుండి యీ లోయ హోహె టావెర్న్ జాతీయ రక్షితవనములోఁ జేరియున్నది.

త్రోవ వేయుట పుణ్యము. ఆ త్రోవ కొననున్న యేటిని గాచుట మఱింత పుణ్యము.